రెండు నిమిషాల కంటే దూరం పోవద్దు

 

పోయిన సంచికలో పదో తరగతి అన్న ఒకరు "మొదటి ర్యాంకు సాధించడం ఎలా?" అని వ్యాసం రాసిండు. చాలా బాగుంది. పొద్దున నాలుగున్నరకు లేవాలని, చదివింది చూడకుండా రాసి చూసుకోవాలని ఆయన చెప్పిన మాటలు నేను కూడా పాటిస్తున్నాను. కానీ చివర్లో ఒక వాక్యం రాసిండు. "వెనకబడ్డవాళ్ళ కోసం ఆగినవాడు తాను కూడా వెనకబడతాడు" అని. ఆ వాక్యం కింద ఎవరో ఎర్ర పెన్నుతో గీత కూడా గీసిండ్రు. నేను ఆ వాక్యంతో ఏకీభవించను. ఎందుకు ఏకీభవించనో చెప్పడానికే ఈ వ్యాసం. అన్న కోపం తెచ్చుకోవద్దని మనవి.

రెండు వారాల కింద శనివారం నాడు మన పి.ఇ.టి. సారు కంప్యూటర్ ల్యాబులో ఒక సైకిల్ పందెం చూపించిండు. మీలో చాలామంది చూసిండ్రు. కొందరు వెనక బెంచీల మీద నిద్రపోయిండ్రు, వాళ్ళ కోసం మళ్ళీ చెప్తాను. ఆ పందెం పేరు కేప్ ఎపిక్. దక్షిణాఫ్రికాలో, కేప్‌టౌన్ ఉన్న వెస్టర్న్ కేప్ రాష్ట్రంలో జరుగుతుంది. 2004లో కెవిన్ వర్మాక్ అనే ఆయన దాన్ని మొదలుపెట్టిండు. అంతకుముందు 2002లో ఆయన మధ్య అమెరికాలోని కోస్టారికా దేశానికి పోయి, ఒక సముద్రం ఒడ్డు నుంచి ఇంకో సముద్రం ఒడ్డు దాకా అడవులు, కొండలు దాటుకుంటూ పోయే సైకిల్ పందెంలో పాల్గొన్నడు. మా దేశంలో కూడా ఇట్లాంటిది ఎందుకు ఉండకూడదు అని అప్పుడు అనుకున్నడట.

మనకు తెలిసిన సైకిల్ పందెం అంటే ఏంది? ఊర్లో జాతరప్పుడు ఇక్కడి నుంచి అక్కడి దాకా తొక్కాలి, ముందు వచ్చినోనికి స్టీలు బిందె. ఇది అట్లా కాదు. ఎనిమిది రోజులు నడుస్తుంది. తారు రోడ్డు మీద కాదు, రాళ్ళ మీద, ఇసుకలో, ముళ్ళ పొదల మధ్య, కొండల మీద. మొత్తం దూరం ఆరు నుంచి ఏడు వందల కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఎక్కిన ఎత్తులన్నీ కలిపితే దాదాపు 15,000 మీటర్లు, ఒక ఏడు కొంచెం ఎక్కువ, ఒక ఏడు కొంచెం తక్కువ. ఎవరెస్టు శిఖరం ఎత్తు 8,849 మీటర్లు. అంటే ఎవరెస్టుకు ఒకటిన్నర రెట్లు దాటి ఎక్కినట్టు. అదంతా కాళ్ళతో పెడల్ తొక్కి! సాయంత్రానికి ఒక చోట గుడారాలలో ఆగుతరు, తింటరు, పడుకుంటరు, పొద్దున లేచి మళ్ళా తొక్కుతరు. దుమ్ముకు మొఖాలు గుర్తు పట్టరావు.

కానీ నాకు నచ్చింది ఆ దూరమూ కాదు, ఎత్తూ కాదు. అక్కడి ఒక నియమం. ఆ పందెంలో ఇద్దరిద్దరు జంటగా దిగాలి. ఇద్దరి మధ్య ఎడం ఎప్పుడూ రెండు నిమిషాలు దాటకూడదు. దారిలో అక్కడక్కడ గడియారం పెట్టి చూస్తరు. దాటితే శిక్షగా వాళ్ళ సమయానికి ఇంకా సమయం కలుపుతరు. సాయంత్రం గమ్యం దగ్గర కూడా ముందు వచ్చినోని సమయం రాసుకోరు. ఇద్దరిలో రెండోవాడు గీత దాటినప్పుడే జంట సమయం లెక్క. జంటలో ఒకరు దెబ్బ తగిలి ఆగిపోతే రెండోవాడు చివరిదాకా తొక్కవచ్చు, ఎవరూ వద్దనరు. కానీ జంటల లెక్కలో అతని పేరు ఉండదు.

ఇది విన్నప్పుడు నా పక్కన కూర్చున్న మిత్రుడు నవ్వి, "అయితే బలమున్నోడు బక్కోని కోసం ఆగుకుంట పోవాలె, ఇదేం పందెంరా" అన్నడు. నేను కూడా మొదట అట్లనే అనుకున్నాను. తర్వాత వీడియోలో జాగ్రత్తగా చూసినాను. బలమున్నవాడు ఊరికే ఆగుతలేడు. ఎదురుగాలి వస్తే తాను ముందుకు పోయి, రెండోవాన్ని తన వెనక పెట్టుకుంటున్నడు. గాలి ముందువాని మీద పడుతుంది, వెనకవానికి తొక్కడం తేలికవుతుంది. టైరు పంచర్ అయితే ఇద్దరూ దిగి బాగుచేస్తుండ్రు. ఎక్కుడులో వెనకవాని వీపు మీద చెయ్యి పెట్టి నూకుతుండ్రు. నీళ్ళ సీసా ఇస్తుండ్రు. ఇంకో సంగతి ఏమిటంటే, మొదటి రెండు రోజులు బలంగా ఉన్నవాడే చివరిదాకా బలంగా ఉంటడని లేదు. నాలుగో రోజు వానికి కడుపు నొప్పి రావచ్చు, జ్వరం రావచ్చు. అప్పుడు బక్కోడే వాన్ని లాక్కపోతడు. ఒక్క రోజు పందెంలో ఇది జరగదు. ఎనిమిది రోజుల పందెంలో జరుగుతుంది.

మిత్రులారా, మన చదువు ఒక్క రోజు పందెమా, ఎనిమిది రోజుల పందెమా? ఐదో తరగతిలో ట్రంకు పెట్టె, దుప్పటి పట్టుకొని ఈ గేటు లోపలికి వచ్చినం. పదో తరగతి దాకా, ఇంటర్ దాకా ఇక్కడే ఉంటం. ఎనిమిదేండ్ల పందెం ఇది. దీన్ని మనం మాత్రం జాతరలో స్టీలు బిందె పందెం లెక్క ఆడుతున్నం.

ఇక్కడ మన ఊరి గురించి ఒక మాట చెప్పాలె. ఇట్లా రోజుకొక చోట ఆగి పోయే ప్రయాణంలో ఒక్కొక్క విడతను మన పెద్దలు మజిలీ అనేవాళ్ళు. మన హయత్‌నగర్ అట్లాంటి ఒక మజిలీయే. సోషల్ సారు చెప్పిండు, గుర్తుంది కదా! మహమ్మద్ కులీ కుతుబ్ షా బిడ్డ, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరు మీద ఈ ఊరు వెలిసింది. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే బాటసారులు ఆగడానికి ఆమె ఇక్కడ పెద్ద సరాయి, మసీదు, బావి కట్టించింది. మసీదు ఇప్పటికీ ఉన్నది. మనం ఆదివారం లైనుగా పోయి చూసి వచ్చినం. చుట్టూ ఉన్న ఆ కమాన్ల గదులలో ఒకప్పుడు బాటసారులు పడుకునేటోళ్ళట. ఇప్పుడు ఆ బాటే విజయవాడ పోయే జాతీయ రహదారి 65.

ఆ కాలంలో ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకొని దేశం అంతా తిరిగినవాళ్ళు ఎవరు? మా లంబాడీలు. వందలు, వేల ఎద్దులతో బిడారు కట్టి, అడవులు, కనుమలు దాటి, నెలలకు నెలలు నడిచేటోళ్ళని మా తాత చెప్పేటోడు. ఆ పందెం వీడియో చూస్తుంటే నాకు తాత మాటలే యాదికొచ్చినయి. బిడారులో ముందు పోయే ఎద్దుకు మెడలో గంటలు కట్టి, గవ్వలు, రంగు గుడ్డలతో అలంకరించేటోళ్ళట. కానీ బిడారు నడక మాత్రం ఆ ముందు ఎద్దు నడక కాదట. ముసలోళ్ళు, బాలింతలు, కుంటి ఎద్దు కూడా మజిలీకి చేరేదాక పొయ్యి వెలిగించేటోళ్ళు కాదని తాత అన్నడు. కేప్ ఎపిక్‌లో గడియారం పెట్టి చూసే నియమం మా తాతల కాలంలో పొయ్యి దగ్గర ఉండేది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇది రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించినాను.

మన తొమ్మిదో తరగతిలో నా బెంచి మీద నా ఎడమ పక్కన ఒకడు కూర్చునేవాడు. పేరు రాయను, అందరికీ తెలుసు. నల్లమల నుంచి వచ్చిండు, చెంచు పిల్లగాడు. వాని పెంట నుంచి గురుకులం దాకా వచ్చినవాడు వాడొక్కడే. ఆటలలో వాన్ని పట్టుకున్నవాడు మన స్కూల్లో లేడు. పోయిన ఏడు విహారయాత్రకు పోయినప్పుడు గుట్ట మీదికి అందరికంటే ముందు ఎక్కి, మళ్ళీ కిందికి దిగి వచ్చి, నా సంచి కూడా తీసుకొని నాతో పాటు మెల్లగా ఎక్కిండు. నాకు ఆయాసం వస్తే, "కూసో, తొందరేముంది, గుట్ట యాడికీ పోదు" అన్నడు. ఆ రోజు వాడు పైన నిలబడి నన్ను చూసి నవ్వవచ్చు. నవ్వలేదు.

ఒకసారి రాత్రి కరెంటు పోయినప్పుడు వాడు తేనె తీసే సంగతి చెప్పిండు. కొండ అంచున తేనెపట్టు ఉంటే ఒక మనిషి తాడు పట్టుకొని లోయలోకి వేలాడుతడట. పైన తాడు దగ్గర ఎవరిని పడితే వాళ్ళను ఉంచరట, బావమరిదినే ఉంచుతరట. ఎందుకంటే తాడు వదిలితే వాని అక్కో చెల్లెలో ముండమోస్తది కాబట్టి వాడు సచ్చినా వదలడు అని. మేమందరం నవ్వినం. ఆ పందెం చూసిన రోజు ఆ మాట మళ్ళీ గుర్తుకొచ్చింది, నవ్వు రాలేదు.

ఎందుకంటే లెక్కలలో వాని తాడు పట్టుకోవలసింది నేను. నాకు క్లాసులో మొదటి ర్యాంకో రెండో ర్యాంకో వస్తుంది. వానికి భిన్నాలు రావు. ఐదో తరగతిలోనే రావు, ఎవరూ మళ్ళీ చెప్పలేదు, పైన బీజగణితం వచ్చి పడ్డది. కింది మెట్టు లేకుండా పై మెట్టు ఎక్కమంటే ఎట్లా ఎక్కుతడు? స్టడీ అవర్‌లో నన్ను ఒకటికి రెండుసార్లు అడిగిండు. "ఆగు, ఇది అయినంక చెప్తా" అన్నాను. అది అయినంక ఇంకొకటి ఉండేది. యూనిట్ టెస్టులో వానికి 25కు 3 మార్కులు వచ్చినయి. కాగితం పంచేటప్పుడు వెనక నుంచి ఒకరిద్దరు "అడివోడు" అన్నరు. నేను అనలేదు. కానీ పక్కనే కూర్చొని ఊరుకున్నాను. దసరా సెలవులకు పోయినవాడు తిరిగి రాలేదు. వాని ట్రంకు పెట్టె ఇప్పటికీ నా మంచం కింద ఉన్నది.

రెండు నిమిషాలు కాదు మిత్రులారా, నేను వాని కంటే రెండేండ్లు ముందుకు పోయినాను. ఒక్కసారి కూడా వెనకకు తిరిగి చూడలేదు. మన స్కూల్లో ఆ పందెం నియమమే ఉంటే నా మొదటి ర్యాంకు చెల్లేది కాదు.

ఇక్కడ కొందరు అడుగుతరు. ఒక మిత్రుడు అప్పుడే అడిగిండు కూడా. "తాడి చెట్టు ఎక్కేటోన్ని ఎంత దాకా ఎగదోస్తరు? ఎవని చదువు వాడు చదువుకోవాలె" అని. ఈ సామెత నాకు కూడా తెలుసు. కానీ సామెతలో ఉన్నోడు చెట్టు ఎక్కడం మొదలుపెట్టినోడు. మనవాడికి చెట్టు మొదలే అందలేదు. మోకు కట్టడం నేర్పిస్తే తర్వాత వాడే ఎక్కుతడు, జీవితాంతం ఎగదోయనక్కర లేదు.

ఇంకొకరు అంటరు, "మంచి ర్యాంకు వచ్చేవాని సమయం పాడు చేస్తే స్కూలు పేరు పోతది" అని. దీనికి నా జవాబు ఇది. ఎవరికైనా ఒక లెక్క చెప్పి చూడండి. చెప్తున్నప్పుడు మనకు ఎక్కడ తెలియదో అక్కడ మాట ఆగిపోతది. ఈ మధ్య ఆరో తరగతి తమ్మునికి భిన్నాల భాగహారం చెప్పబోయి, "తలకిందులు చేసి ఎందుకు గుణించాలె అన్నా?" అని వాడు అడిగితే నోరు తెరిచినాను. నాలుగేండ్ల నుంచి చేస్తున్నాను గానీ ఎందుకో తెలియదు. ఆ రాత్రి కూర్చొని తెలుసుకున్నాను. అరగంట పోయింది. ఆ అరగంట నాకు నష్టమా, లాభమా?

పోనీ పేరు సంగతే చూద్దాం. గురుకులాలకు దేశంలో పేరు తెచ్చినవాళ్ళు ఎవరు? మాలావత్ పూర్ణ అక్క. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మా లంబాడీ బిడ్డ. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పుడు ఆమెకు 13 ఏండ్ల 11 నెలలు. అమ్మాయిలలో అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కినవాళ్ళు అంతకుముందు లేరు. 2022లో ఏడు ఖండాల ఏడు శిఖరాలు కూడా పూర్తి చేసింది. అందరికీ ఆమె పేరు తెలుసు. కానీ ఆ రోజు ఆమెతో పాటు ఇంకొక గురుకుల విద్యార్థి ఎక్కిండు. ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్. వాళ్ళు ఇద్దరూ మొదట కొండ ఎక్కడం నేర్చుకున్నది మనకు దగ్గరలో ఉన్న భువనగిరి గుట్ట మీదనే. అక్కడ కూడా మొదటి పాఠం తాడు పట్టుకునేవాని మీద నమ్మకం ఉంచడమే. కొండలన్నీ ఇదే చెప్తుంటే, కొండల నుంచి వచ్చిన మనం గ్రౌండు ఫ్లోరు క్లాసు రూములో దాన్ని మర్చిపోతే ఎట్లా?

ఇక సైకిళ్ళ విషయం. మన స్టోర్ రూము వెనక రేకుల షెడ్డులో పాత సైకిళ్ళు ఐదు పడి ఉన్నయి. నేను లెక్క పెట్టినాను. రెండింటికి చైన్లు లేవు, ఒకదానికి రిమ్ము వంగింది, మిగతావి టైర్లు, ట్యూబులు మారిస్తే నడుస్తయి. వాటిని చూస్తే కొందరు నవ్వుతరు. కేప్ ఎపిక్‌లో తొక్కే సైకిళ్ళు లక్షల రూపాయలవి, మన తుక్కు సైకిళ్ళకు దానికి పోలికా అంటరు. అయితే కొండ సైకిల్ ఎట్లా పుట్టిందో వినండి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని మారిన్ కౌంటీ అనే చోట కొందరు కుర్రోళ్ళు తుక్కులో దొరికిన పాత లావు టైర్ల సైకిళ్ళను బాగుచేసుకొని గుట్ట మీది నుంచి మట్టి బాటలో కిందికి తొక్కేటోళ్ళు. 1976లో అక్కడ పందెం పెట్టుకున్నరు. ఆ సైకిళ్ళకు పెడల్ వెనకకు తొక్కితే పడే బ్రేకు ఉండేది. కిందికి వచ్చేసరికి చక్రం మధ్యలో ఉన్న గ్రీజు కాలి పొగ వచ్చేదట. ప్రతిసారీ విప్పి మళ్ళీ గ్రీజు నింపాలె. అందుకే ఆ బాటకు "మళ్ళీ నింపుడు" అని అర్థం వచ్చేటట్టు రీప్యాక్ అని పేరు పెట్టిండ్రు. అట్లా తుక్కులో నుంచి పుట్టిన ఆట 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌కు ఎక్కింది.

అమెరికా ఎందుకు, పక్కనున్న నేపాల్ చూడండి. రాజేష్ మగర్ అనే పేదింటి పిల్లగాడు కొనడానికి డబ్బులు లేక ఇనుప తుక్కుతో తనే ఒక సైకిల్ తయారు చేసుకున్నడు. తర్వాత నేపాల్ జాతీయ చాంపియన్ అయిండు. అతని మీద సినిమా కూడా తీసిండ్రు. అదే నేపాల్‌లో 2007 నుంచి యాక్ అటాక్ అనే అనేక రోజుల కొండ సైకిల్ పందెం మొదలైంది. అందులో అన్నపూర్ణ కొండల చుట్టూ తిరిగి, 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా అనే కనుమ దాటేటోళ్ళు. అక్కడ గాలి మన దగ్గర ఉన్న దాంట్లో ఇంచుమించు సగమే. మంచులో సైకిల్ తొక్కరాదు, భుజం మీద మోసుకొని నడవాలె. మన దేశంలో కూడా హిమాచల్ ప్రదేశ్‌లో 2005లో ఎం.టి.బి. హిమాలయ అనే పందెం మొదలైంది.

దక్షిణాఫ్రికాలోనే ఇంకొక సంగతి. కేప్ ఎపిక్‌ను ఐదుసార్లు గెలిచిన క్రిస్టోఫ్ సౌసర్ స్విట్జర్లాండ్ మనిషి. ఆయన 2008లో సోంగో ఫిపాజా అనే స్థానిక మిత్రునితో కలిసి, స్టెలెన్‌బోష్ పక్కన ఉన్న కయమండి అనే నల్లవాళ్ళ పేద బస్తీలో పిల్లలకు సైకిల్ తొక్కడం నేర్పే సంస్థ పెట్టిండు. అక్కడ పిల్లలు సైకిల్‌తో పాటు చదువు కూడా చూసుకుంటరు. గెలిచినవాడు కప్పు తీసుకొని విమానం ఎక్కి పోవచ్చు. ఆయన ఆగిండు. మన పోయిన సంచిక వ్యాసం ప్రకారం ఆగినవాడు వెనకబడాలె. ఆయన 2011, 2012, 2013, 2015లలో మళ్ళీ గెలిచిండు.

వార్డెన్ సార్ల భయం కూడా నాకు తెలుసు. "సైకిళ్ళు ఇస్తే రోడ్డు మీదికి పోతరు, లారీ కింద పడితే తల్లిదండ్రులకు ఎవడు జవాబు చెప్పాలె?" అంటరు. ఇది సరైన భయమే. మన గేటు బయట హైవే మీద రోజంతా లారీలు, బస్సులు పోతుంటయి. సౌసర్‌తో కలిసి 2011, 2012లలో కేప్ ఎపిక్ గెలిచిన బరీ స్టాండర్ కొండలలో, లోయలలో ఏమీ కాలేదు గానీ, 2013 జనవరిలో రోడ్డు మీద సాధన చేస్తుండగా టాక్సీ గుద్ది చనిపోయిండు. అప్పుడు అతనికి 25 ఏండ్లు. అంతటివాడే రోడ్డు మీద పోయిండంటే మనమెంత? సైకిళ్ళ కోసం ప్రభుత్వం 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల బాట వేసింది, పైన సౌర పలకల కప్పు కూడా ఉంది. అది నగరానికి పడమటి వైపు, నార్సింగి, కొల్లూరు దిక్కు. మనం తూర్పు దిక్కు. ఆ బాట మన దాకా రాలేదు. కాబట్టి హైవే మీదికి పోదామని నేను అనడం లేదు. మన గ్రౌండు చుట్టూ, వెనక ఉన్న రాళ్ళ దిబ్బ మీద తొక్కుదాం. కొండ సైకిల్‌కు తారు రోడ్డు అవసరమే లేదు.

నా ప్రతిపాదనలు ఇవి. ప్రిన్సిపాల్ గారు, వార్డెన్ సార్లు దయచేసి ఆలోచించాలె.

ఒకటి, రోజూ స్టడీ అవర్‌లో చివరి అరగంట జంట చదువు పెట్టాలె. ఒక సబ్జెక్టు వచ్చినవాడు, రానివాడు జంట. లెక్కలలో నేను చెప్తే, హిందీలో నాకు ఇంకొకరు చెప్పాలె, ఎందుకంటే హిందీలో నేనే వెనక. యూనిట్ టెస్టు తర్వాత నోటీసు బోర్డు మీద ర్యాంకుల పక్కన జంటలో తక్కువ వచ్చినవాని మార్కు ఎంత పెరిగిందో అది కూడా రాయాలె.

రెండు, షెడ్డులో సైకిళ్ళు బాగుచేయడానికి మాకు అనుమతి ఇవ్వాలె. పంచర్ వేయడం, చైను ఎక్కించడం మాలో పదిమందికి వచ్చు. టైర్లు, ట్యూబులకు మాత్రం కొంచెం డబ్బులు కావాలె. ఆదివారం సాయంత్రం గంటసేపు పి.ఇ.టి. సారు ముందర, జంటలు జంటలుగా తొక్కుతం. సమయం మాత్రం రెండోవానిదే లెక్క పెట్టాలె.

మూడు, అన్నిటికంటే ముఖ్యమైనది. సెలవులకు పోయి రానివాళ్ళ పేర్లు హాజరు పట్టీలో నుంచి కొట్టేయకముందే వాళ్ళ ఇండ్లకు ఎవరైనా పోవాలె. ఉత్తరం రాస్తే చాలదు, చదివి చెప్పేటోళ్ళు అక్కడ ఉండకపోవచ్చు. ఫోనుకు సిగ్నల్ ఉండదు. వార్డెన్ సార్ ఒక ఆదివారం నల్లమలకు పోతానంటే నన్ను కూడా తీసుకుపొమ్మని ప్రార్థన. పొద్దున బస్సుకు పోతే రాత్రికి తిరిగి రావచ్చు. బస్సు చార్జీలకు మా నాయన పండుగకు ఇచ్చిన డబ్బులు నా దగ్గర ఉన్నయి. సార్ పోయి "రారా" అంటే వాడు భయానికి వస్తడేమో, మళ్ళా పోతడు. నేను పోయి అడిగితే వస్తడో రాడో తెలియదు. కానీ "ఆగు, అయినంక చెప్తా" అన్నది నేను కాబట్టి నేనే పోవాలె.

"అడివోడు" అన్న మిత్రులకు కూడా ఒక మాట. మనలో అడివి నుంచి, తండా నుంచి, గూడెం నుంచి, పెంట నుంచి రానివాడు ఎవడు? హయత్‌నగర్ వచ్చి నాలుగేండ్లు అయ్యేసరికి మనం పట్నపోళ్ళం అయిపోయినమా? ప్రపంచంలో డబ్బున్నోళ్ళు లక్షలు ఖర్చు పెట్టి అడివిలో, కొండలలో ఎనిమిది రోజులు ఉండడానికి పోతుండ్రు. అది రోజూ చేసేవాన్ని మనం వెక్కిరిస్తున్నం.

పోయిన సంచికలో వ్యాసం రాసిన అన్నకు చివరి మాట. అన్నా, నువ్వు ఆరో తరగతిలో నాకు షూ లేసు కట్టడం నేర్పించినవు. ప్రార్థనకు ఆలస్యమై ఆ రోజు నీకు కూడా గుంజీలు పడ్డయి. నువ్వు మర్చిపోయినవేమో, నేను మర్చిపోలేదు. నాకోసం ఆగినందుకు నువ్వు ఏమీ వెనకబడలేదు, ఇప్పుడు స్కూల్ ఫస్ట్ నువ్వే. కాబట్టి ఆ వాక్యం ఒక్కటి వెనకకు తీసుకోవాలని కోరుతున్నాను.

నా రాతలో తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించండి. జవాబు రాయాలనుకునేవాళ్ళు వచ్చే సంచికకు రాయండి. చార్టు కింద కొంత జాగా వదిలిపెట్టినాను, జంట చదువుకు ఒప్పుకునేవాళ్ళు తమ పేరు, ఏ సబ్జెక్టు చెప్పగలరో, ఏ సబ్జెక్టు రాదో రాయండి. మొదటి వరుసలో నా పేరు రాసినాను. దాని పక్కన గడి ఖాళీగా ఉంచినాను, అందులో దయచేసి ఎవరూ రాయవద్దు. అది వాడు వచ్చినంక వాడే రాస్తడు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
9వ తరగతి